పస్కా ముందు అమ్మిన గోధుమలు

డకోటాలో మంచు కరిగే రోజులు చూడముచ్చటగా ఉంటాయని ఎవరైనా అంటే, ఆ మనిషి ఎన్నడూ పెళ్ళల ఇంట్లో కాపురం చేసి ఉండడు. నేల మీది గడ్డిని వేళ్ళతో సహా ఇటుకల్లా కోసి, గోడలు పేర్చి, కప్పు మీదా అవే పరిచిన ఇల్లు అది. చలికాలమంతా బుద్ధిగానే ఉంటుంది. పైనున్న మంచు నీరవడం మొదలయ్యాక దాని అసలు గుణం బయటపడుతుంది. బయట ఎండ కాస్తున్నా లోపల కురుస్తూనే ఉంటుంది. పోనీ అవి నీళ్ళా అంటే నీళ్ళు కావు, బురద. పులుసు గిన్నెలో బురద, పక్కబట్టల్లో బురద, పసిదాని జుట్టులో బురద.

హిండె ఆ వారమంతా ధార పడేచోటల్లా గిన్నెలు పెట్టి, నిండినవి బయట పారబోస్తూ గడిపింది. యూదుల పస్కా పండుగ నాలుగు రోజులుందనగా, ఒక ఉదయం, మూలనున్న గోధుమ బస్తాల మీది అడవిదున్న తోలు ఎత్తి లోపల చెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది. తడిసిన గింజలు కుప్పలో వేడెక్కితే దాని అర్థమేమిటో ఆమెకు తెలుసు. ఒకటి మొలకెత్తడం, లేకపోతే కుళ్ళడం.

అవి తినే గోధుమలు కావు, విత్తనాలు. చలికాలంలో బంగాళాదుంపలు అడుగంటినప్పుడు కూడా ఆ బస్తాల జోలికి పోలేదు. చిన్న కూతురు గిట్ల ఆకలని ఏడిస్తే వేణ్ణీళ్ళు తాగించి పడుకోబెట్టిందే గాని, ముడి విప్పలేదు. పట్నంలోని ధర్మసంఘంవాళ్ళు పోయినేడు ఆ గింజలు పంపుతూ, ఇవే ఆఖరు, ఇక మమ్మల్ని అడగవద్దని చెప్పేశారు. ఈ వసంతంలో విత్తకపోతే, సాగు షరతు మీద సర్కారు ఇచ్చిన ఈ నేల మీద హక్కు పోతుంది. సముద్రాలవతలి వోలిన్ నుంచి తమతో కలిసి వచ్చిన కుటుంబాలన్నీ ఒక్కొక్కటే మూటలు కట్టుకుని పట్నాలకు పోయాయి, కుట్టుమిషన్ల దగ్గరికి కొందరు, చుట్టల కార్ఖానాలకి కొందరు. హిండె మాత్రం కదలనంది. ఇంటి వెనకాల మిట్ట మీద కొడుకు మెంద్ల ఉన్నాడు. మొన్న చలికాలంలో జ్వరమొచ్చి పోయాడు. నేల గడ్డకట్టి ఉంటే భర్త ఫాలిక్ రోజంతా నిప్పులు పోసి, కరిగినంత మేర తవ్వి, వాణ్ణి అందులో పెట్టాడు. నేల పోతే వాడు పరాయివాళ్ళ చేలో పడుకుంటాడు. ఎవడో నాగలితో వాడి మీదుగా పోతాడు. 

ఫాలిక్ ఎద్దుకు నీళ్ళు పెట్టి లోపలికి వచ్చాడు.

"తడిశాయి," అంది హిండె.

"ఎన్ని?"

"నన్నడుగుతావేం? చెయ్యి పెట్టి చూడు."

అతను గుప్పెడు గింజలు తీసి గుమ్మం దగ్గర వెలుతుర్లో చూశాడు. అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. కొన్ని ఉబ్బాయి, కొన్ని పగిలి తెల్లటి మొన బయటపెట్టాయి.

"ఎండబెడదాం. సగమన్నా మొలవవా?" అంది హిండె.

"సగమేం, ముప్పాతిక మొలుస్తాయి. మొలవడం గురించి కాదు నా బాధ. నీళ్ళు తగిలి పగిలిందంటే పులిసినట్టే లెక్క. పండుగ ఎనిమిది రోజులూ ఇది మన సొత్తుగా ఉండకూడదు."

హిండె అతని మొహంలోకి చూసింది. "బాగుంది. తినడానికి రొట్టెముక్క లేదు గాని, వదిలించుకోవడానికి పులిసినది మాత్రం దొరికింది మనకి. తగలబెడతావా ఏం?"

"తగలబెట్టమని నేనన్నానా? అమ్ముదాం. ఊళ్ళో అందరూ అమ్మేవాళ్ళు కదా."

నిజమే, అమ్మేవాళ్ళు. వోలిన్‌లో వాళ్ళ ఊళ్ళో పండుగ ముందురోజు మతగురువు రబ్బీ ఊరందరి పులిసిన సరుకునీ, సారాకొట్టు పీపాలతో సహా, నీళ్ళు మోసే మికితాకి అమ్మేవాడు. మికితా యూదుడు కాడు గనక అతని దగ్గరుంటే ఎవరికీ పాపం లేదు. ఒక నాణెం ఇచ్చి, చెయ్యి కలిపి, ఊరంతటికీ ఆసామి అయ్యేవాడు. ఎనిమిది రోజులు మీసం తిప్పుకుంటూ తిరిగేవాడు. తొమ్మిదోనాడు నాణెం వెనక్కి తీసుకుని, దాంతోపాటు ఒక సీసా కూడా పుచ్చుకుని, ఎవరి సరుకు వాళ్ళకి అప్పగించేవాడు. మికితా తాతా అదే పని చేశాడు, తండ్రీ అదే చేశాడు. ఆ తతంగంలోని షరతులన్నీ రబ్బీకి తెలుసు. ఫాలిక్ పండితుడేం కాదు, గుర్రపు జీనులు కుట్టుకునేవాడు. అతనికి గుర్తున్నది ఒక్కటే. ఈ అమ్మకం ఆట కాకూడదు. తిరిగిస్తావు కదా అని ముందే మాట తీసుకుంటే అది అమ్మకమే కాదు.

"ఎవరికమ్ముతావు? నక్కలకా?" అంది హిండె.

"వాగవతలి హల్వోర్‌కి. అతని కొట్టం పొడిగా ఉంటుంది. అక్కడ పరిస్తే ఆరతాయి కూడా. ఇక్కడుంటే పండుగయ్యేలోపు కుళ్ళిపోతాయి."

హిండె తల ఎత్తి చూసింది. కప్పు కారుతూనే ఉంది.

హల్వోర్ నార్వే మనిషి. పొడుగ్గా, మాటలు తక్కువగా, ఎప్పుడూ ఏదో తప్పు చేసినవాడిలా నేల చూపులు చూసేవాడు. మెంద్ల పోయినప్పుడు అడక్కుండానే పలకలు తెచ్చి పెట్టె చేసి ఇచ్చాడు. ఇరుగుపొరుగంటే అంతే, అంతకు మించి రాకపోకలు లేవు. ఫాలిక్ ఇంగ్లీషూ అతని ఇంగ్లీషూ కొట్టు దగ్గర ఏరుకున్న ముక్కలే.

మర్నాడు ఫాలిక్ వెళ్ళి పిలిస్తే హల్వోర్ బండి తోలుకుని వచ్చాడు. బస్తాలు చూశాడు, ఫాలిక్‌ని చూశాడు.

"నువ్వు అమ్ము? విత్తనం అమ్ము?"

"అమ్ము. మొత్తం."

"అప్పు ఇస్తున్నావా?"

"అప్పు కాదు. అమ్మకం. నిజం అమ్మకం. ఆట కాదు. ఇప్పటినుంచి నీది, నాది కాదు." ఫాలిక్ ఒక్కో మాటా మేకు కొట్టినట్టు చెప్పాడు. ఎంత గట్టిగా చెబితే అంత పుణ్యమని అతని లెక్క.

హల్వోర్ మళ్ళీ బస్తాల వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "ఎందుకు?" అన్నాడు.

పులిసినదీ పులియనిదీ, ఐగుప్తులో బానిసత్వం, ఫరో రాజు, ఇదంతా కొట్టు దగ్గరి ఇంగ్లీషులో చెప్పడం ఎవరి తరం? ఫాలిక్ తనకు తెలిసినంతలో అన్నిటికన్నా నిజమైన జవాబు చెప్పాడు.

"దేవుడు చెప్పాడు."

హల్వోర్ టోపీ తీశాడు. జేబులు వెతికి ఒక డాలరు బయటికి తీసి, ఇంతేనని సిగ్గుపడుతూ చూపించాడు. చాలు చాలన్నాడు ఫాలిక్. చేతులు కలిపారు. ఆ పొడుగాటి మనిషి ఫాలిక్ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని వదలలేదు, కళ్ళు తడిగా ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ హిండెకి ఆ కళ్ళు చూస్తే ఎందుకో మనసు కీడు శంకించింది. మికితా ఏనాడూ ఇలా చూడలేదు. మికితా కన్ను గీటేవాడు.

"అతనికి అర్థమైందంటావా?" అంది, బండి వాగు దాటాక.

"ఎందుకర్థం కాదు? ఇంత సక్రమంగా మన ఊళ్ళో కూడా జరగలేదు," అన్నాడు ఫాలిక్. ఆ పూట అతను చాలా తృప్తిగా ఉన్నాడు. ఆ తృప్తి తలచుకుంటే, ఈ కథ చెప్పే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏం లాభం, మంచివాళ్ళు చేసే తప్పులకి తిట్టడానికి కూడా నోరు రాదు.

పండుగ వచ్చింది. పట్నం నుంచి వచ్చిన పులియని రొట్టెలు కాసిని ఉన్నాయి, దుంపలున్నాయి, ఆచారం ప్రకారం తినవలసిన చేదుకూరకి బదులు ముల్లంగి వేరు ఉంది. బానిసత్వం నుంచి విడుదలైన కథ ఫాలిక్ రాగం తీసి చదివాడు. ఆ రాత్రి ఇంట్లో పిల్లలు అడగవలసిన ప్రశ్నలు పోయినేడు మెంద్ల అడిగాడు. ఈసారి గిట్ల అడగాలి, దానికింకా మాటలే సరిగా రావు. హిండె తనే అడిగింది. ఫాలిక్ ఆమె వంక చూడకుండా జవాబులోకి వెళ్ళిపోయాడు.

రెండోనాటి నుంచి దక్షిణపు గాలి తిరిగింది. కప్పు కారడం ఆగింది. శరదృతువులోనే దున్ని ఉంచిన చేను ఆరి, చేత్తో పిసికితే పొడిపొడిగా రాలే అదనుకొచ్చింది. ఫాలిక్ పొద్దున్నే వెళ్ళి మట్టి పిసికి చూసుకుని వచ్చేవాడు.

"పండుగైన మర్నాడే విత్తేద్దాం. ఇంత మంచి అదను పోయినేడు లేదు," అనేవాడు.

హిండె ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మిట్ట వైపు చూసేది. ఇంకో ఏడాది, ఒరేయ్ నాన్నా, ఇంకో ఏడాది నీ దగ్గరే ఉంటాం అనుకునేది. దుంపలు నిండుకుంటున్నా, గిట్ల చేతులు పుల్లల్లా అయినా, ఆ ఒక్క మాట పట్టుకుని రోజులు నెట్టింది.

ఆరోనాడు మధ్యాహ్నం పొయ్యిలోకి ఎండుగడ్డి ఏరుకోవడానికి గిట్లని చంకనేసుకుని వాగు వైపు వెళ్ళింది. అవతలి గట్టు మీద హల్వోర్ మెడలో గుడ్డ జోలె వేలాడదీసుకుని, చేను వెంట ఒకే నడకన నడుస్తూ, అడుగు అడుక్కీ చెయ్యి విసురుతున్నాడు. గింజలు ఎండలో మెరిసి నేల మీద రాలుతున్నాయి.

ఆమె వెంటనే ఇంటికి పరుగెత్తింది.

"విత్తుతున్నాడు," అంది. "అవి మనవి. మన గోధుమలు వాడి చేలో చల్లుతున్నాడు. లే, ఆపు."

ఫాలిక్ ప్రార్థన పుస్తకం మూసి లేచాడు. మొహం పాలిపోయింది. రెండడుగులు వేసి, గుమ్మంలో ఆగిపోయాడు.

"ఆగావేం?"

"ఏమని ఆపను?"

"మావి అని చెప్పు. తొమ్మిదోనాడు తిరిగివ్వాలని చెప్పు. ఊళ్ళో ఆనవాయితీ అని చెప్పు."

"మావి అన్నానంటే," అన్నాడు ఫాలిక్ మెల్లగా, "అమ్మలేదన్నమాట. అమ్మకపోతే, ఈ పండుగంతా పులిసినది మన సొత్తుగానే ఉందన్నమాట. ఒక్క మాటతో అంతా నీళ్ళపాలవుతుంది హిండె. నేను దేవుడి ముందు నిలబడి అమ్మాను."

"దేవుడి ముందు మీ అమ్మా నాన్నా కూడా అమ్మారు, వాళ్ళ సరుకు వాళ్ళకొచ్చింది."

"వాళ్ళు అడగలేదు. మికితాయే తెచ్చిచ్చాడు."

"ఇతను తెచ్చివ్వడు. ఇతను విత్తుతున్నాడు, నీకు కళ్ళు లేవా? ప్రతి అడుక్కీ ఒక గుప్పెడు పోతోంది. నువ్విక్కడ ధర్మం మాట్లాడుతున్నంతసేపూ పోతోంది."

అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.  ఆ క్షణంలో హిండెకి అతని మీద పట్టరాని అసహ్యం పుట్టింది, అతను చస్తే బాగుండునన్నంత అసహ్యం. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె అలా ఎప్పుడూ అనుకోలేదు.

"నీ పుణ్యం నువ్వు కట్టుకో. పాపం నాకుండనీ. నా పిల్లాడి మీద నాగలి పోనివ్వను," అని, గిట్లని చంకనేసుకుని వాగులోకి దిగింది. మోకాళ్ళ దాకా మంచునీళ్ళు. ఆమెకు చలి తెలియలేదు. దారంతా ఆ రెండు ముక్కలే కూడగట్టుకుంటూ వెళ్ళింది. మావి. ఆపు. మావి. ఆపు.

హల్వోర్ ఆమెను చూసి ఆగాడు. ఆ మనిషి నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అంత పొడుగు మనిషీ నోరంతా తెరిచి పసివాడిలా నవ్వాడు. జోలె మెడలోంచి తీసి, ఇంటి వైపు తిరిగి కేకేశాడు. అతని భార్య రాగ్నా బయటికి వచ్చింది, నిండు నెలల మనిషి, నడుం పట్టుకుని పాదాలు ఈడ్చుకుంటూ.

హిండె నోరు తెరిచేలోపు రాగ్నా ఆమె చేతులు రెండూ పట్టేసుకుంది. ఆమె ఇంగ్లీషు భర్త దానికన్నా నయం.

"రావాలనుకున్నాను. నడవలేక రాలేదు. నీకెలా చెప్పాలో తెలీదు," అంది. "మా విత్తనం అంతా పోయిన శరత్తులో గడ్డిమంటల్లో పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏం లాభం? బండికెత్తడానికి సామాను కట్టేశాం. ఈ కడుపుతో ఎటు పోతామో తెలీదు. నేను రాత్రిళ్ళు దేవుణ్ణి అడిగాను. పొద్దున్నే మీ ఆయన వచ్చి ఈయన్ని పిలుచుకెళ్ళి, దేవుడు చెప్పాడు, తీసుకో అన్నాడట."

హిండె వింటోంది. చంకలో గిట్ల బరువుగా ఉంది.

"ఈయన నమ్మలేదు. అప్పు కాదా అని అడిగితే, కాదు నీదే, నీదే అన్నాడట. ఒక్క డాలరుకి." రాగ్నా కళ్ళొత్తుకుంది. "పంట చేతికి రాగానే రెండింతలు తెచ్చి మీ గుమ్మంలో పోస్తాం. ఈయన ఒట్టు పెట్టుకున్నాడు."

పంట చేతికొచ్చేది ఆగస్టులో. నేల విత్తవలసింది ఇప్పుడు. హిండె రాగ్నా భుజం మీదుగా ఇంటి వైపు చూసింది. గుమ్మం పక్కన కట్టిన సామాను మూటలు ఇంకా అలాగే ఉన్నాయి, విప్పడానికి కూడా ఓపిక లేనట్టు.

మావి అనే మాట ఆమె నాలుక మీదే ఉంది. అంటే హల్వోర్ మిగిలినవి ఇచ్చేస్తాడు. కాదనే మనిషి కాడు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఇచ్చేసి, ఈ నిండు చూలాలిని బండెక్కించుకుని పోతాడు. తన కొడుక్కి పెట్టె చేసిన మనిషి.

ఆమె గిట్లని చంకలో సర్దుకుంది. 

"బాగా మొలవాలి," అంది.

రాగ్నా ఇంట్లోకెళ్ళి అప్పుడే కాల్చిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది. వాసనకి గిట్ల రెండు చేతులూ చాపింది. పండుగ ఇంకా రెండు రోజులుంది, పులిసిన రొట్టె ముట్టకూడదు. హిండె దాని చేతులు పట్టి వెనక్కి లాక్కుంది. పసిది గుక్కపట్టి ఏడ్చింది. రాగ్నా మొహం చిన్నబోయింది.

"మాకు పండుగ. తినకూడదు. తప్పుగా అనుకోకు," అంది హిండె. ఆ మాట చెప్పడం ఎంత కష్టమైందో చెప్పనలవి కాదు. కాని ఎలాగూ నేల పోయింది, విత్తనం పోయింది, ఫాలిక్ పట్టుకు వేలాడుతున్న ఆ ఒక్కటైనా అతనికి మిగలనీ అనుకుంది. నిజంగా అమ్మాడు గనక, అతని పండుగ మైలపడకుండానే గడిచింది. ఇంటికెళ్ళి ఆ మాటే చెబుదామనుకుంది.

వెనక్కి తిరిగేసరికి ఫాలిక్ వాగు గట్టెక్కి పరిగెత్తుకొస్తున్నాడు. బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. తల మీద టోపీ లేదు. ఫాలిక్ వట్టి తలతో నాలుగడుగులు వేయడం ఆమె ఏనాడూ చూడలేదు, దేవుడి మీది భక్తితో నిద్రలో కూడా అతని తల మీద గుడ్డ ఉండేది. గాలికి ఎక్కడో పడిపోయి ఉంటుంది. అతను ఆగలేదు.

"వద్దు," అంది హిండె. "ఫాలిక్, వద్దు, ఆగు."

అతనికి వినపడలేదు. చేలో మోకాళ్ళ మీద పడి, రెండు చేతుల్తో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

"మావి," అన్నాడు. "ఇవి మావి. అమ్మలేదు. ఊరికే, పండుగ కోసం ఊరికే. నిజం అమ్మకం కాదు. నేను అబద్ధం చెప్పాను. ఇచ్చెయ్యి. మాకు వేరే ఏం లేవు. అక్కడ నా పిల్లాడున్నాడు." సగం ఇంగ్లీషు, సగం తమ యూదు భాష యిద్దిష్. గోళ్ళ నిండా మట్టి, మట్టిలో అక్కడో గింజ ఇక్కడో గింజ.

హల్వోర్ కొయ్యబారిపోయాడు. "నువ్వు నిజం అన్నావు," అన్నాడు చివరికి. తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు అన్నాడు. తర్వాత చేతిలోని జోలె తలకిందులు చేసి దులిపాడు. నాలుగు గింజలు రాలాయి. "అయిపోయాయి. ఇదే ఆఖరు. కొట్టంలో ఏం లేవు." రాగ్నా కడుపు మీద చెయ్యి వేసుకుని, ఫాలిక్‌నీ హిండెనీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె మొహంలోంచి రంగంతా దిగిపోయింది.

హిండె గిట్లని నేల మీద దింపింది. అన్నిటికన్నా ఆమెను చీల్చింది ఇదే. గింజలన్నీ పోయాక, ఎందుకూ కొరగాని వేళలో, ఆ మాట అననే అన్నాడు. ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున పట్టుకున్నది తన చేత్తోనే విసిరేశాడు, అదీ మట్టి కోసం. ఇందాక అతని మీద పుట్టిన అసహ్యం ఎటు పోయిందో తెలీదు. ఇప్పుడు జాలి ఒక్కటే మిగిలింది, అది అసహ్యం కన్నా బరువుగా ఉంది.

ఆమె హల్వోర్ వైపు తిరిగింది.

"ఆయన మాట పట్టించుకోకు. పస్తులతో మతి స్తిమితంగా లేదు. గోధుమలు నీవే. ఆయన అమ్మాడు, నువ్వు కొన్నావు, నేను చూశాను."

తర్వాత ఫాలిక్ పక్కన మోకాళ్ళ మీద కూచుంది. అతని పిడికిలి పట్టుకుని ఒక్కొక్క వేలే విప్పింది. అతను పసివాడిలా బిగబట్టాడు, ఆమె వదల్లేదు. మట్టితో కలిసిన గింజలు కాసిని చాల్లో రాలాయి. ఆమె వాటి మీదికి అరచేత్తో మన్ను తోసి, తట్టి, చదును చేసింది.

"లే," అంది తమ భాషలో. "నువ్వు సరిగ్గానే అమ్మావు."

"అన్నాను కదా హిండె. మావి అని అన్నాను కదా."

"ఎవరూ వినలేదు. లే."

అతను లేవలేదు. వాగవతల, మిట్ట వైపు చూస్తూ అన్నాడు: "మరి పిల్లాడో?"

హిండె కూడా మిట్ట వైపు చూసింది. పొద్దు వాలుతోంది. సాయంత్రంతో పండుగ ఆఖరి రోజులు మొదలవుతాయి, చీకటిపడే లోపు దీపాలు పెట్టాలి.

"హల్వోర్‌ని అడుగుతాను," అంది చివరికి. "మనం పోయాక ఆ మిట్ట మాత్రం దున్నకుండా చూడమని అడుగుతాను."

హల్వోర్ వాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు, ఆ భాషలో ఒక్క ముక్కా అర్థం కాక.